నాడి ఓటు

ఓటు వేయడానికి జనం బూత్ దాకా వెళ్లే రోజులు పోయాయి. ఇప్పుడు అభ్యర్థులు ఇంటి గోడ మీది తెరలోకే వచ్చి మాట్లాడతారు. చూసేవాళ్ల మణికట్టుకున్న పట్టీ గుండె వేగాన్ని కొలుస్తుంది. ఎవరిని చూసి గుండె ఎక్కువగా కొట్టుకుంటే ఓటు వాళ్లకే.

మొదట సుభాషిణి వచ్చింది. మంగతాయారు వాళ్ల వీధికి మంచినీళ్ల గొట్టం వేయించింది ఆవిడే. ఇంకో నాలుగేళ్లు ఓపిక పడితే పేటంతటికీ నీళ్లొస్తాయని ఆవిడ మెల్లగా చెబుతుంటే మంగతాయారు మనసు కుదుటపడింది. పట్టీ మీద అంకె కూడా కిందికి జారింది.

"లెగండి, మెట్లెక్కుదాం. గుండె కొట్టుకోవాలి కదా," అంది మొగుడు వీర్రాజుతో.

ఇద్దరూ డాబా ఎక్కి దిగి, రొప్పుతూ వచ్చి కూర్చున్నారు. వ్యాయామం లెక్కలోకి రాదని తెర మీద పడింది.

తర్వాత చక్రపాణి గునపంతో వచ్చాడు. గెలిచిన రోజే ఆ ముష్టి గొట్టాలన్నీ పగలగొట్టి గోదారినే పేటలోకి మళ్లిస్తానని గర్జించి, ఎదురుగా ఉన్న గొట్టాన్ని ఒక్క పోటు పొడిచాడు.

మంగతాయారు గుండె ఝల్లుమంది. బిందె పట్టుకుని ట్యాంకర్ వెనక పరిగెత్తిన రోజులు కళ్ల ముందు తిరిగాయి. పట్టీ పీకబోయింది, ఊడి రాలేదు.

"అటు చూడకే. కళ్లు మూసుకో," అన్నాడు వీర్రాజు.

మూసుకుంటే గునపం చప్పుడు ఇంకా పెద్దగా వినిపించింది.

"ఆడు గెలుత్తాడేమోనని భయమేత్తందండీ."

పట్టీ పచ్చగా వెలిగింది. తెర మీద చక్రపాణి చేతులు జోడించాడు.

"మంగతాయారు గారూ, మీ గుండెలో నాకింత చోటిచ్చారు. మీ రుణం తీర్చుకోలేను."