మొక్కు పోతు

కొట్టంలో ఒక్క మేకపోతే మిగిలింది. దాన్ని చూడగానే పశువుల డాక్టరు అలేఖ్యకు ఒళ్లు మండింది.

"ఐదింటికీ అంటురోగమని తేలింది, ఇంకోసారి నెత్తురు చూసేదాక అమ్మద్దని ఫోన్ల చెప్పిన గదవ్వా! మిగతా నాలుగేవి?"

"నిన్న జమ్మికుంటల కోతకు అమ్మిన," అంది లింగవ్వ. "రోగమొచ్చినవాటిని ఎవలు పెట్టుకుంటరు బిడ్డా? దీన్నంటే సమ్మక్కకు మొక్కినం, అమ్మరాదు."

ఆ నాలుగూ లేకపోతే ఈ రోగం మీద తను చేస్తున్న పరిశోధన అక్కడితో ఆగినట్టే. అలేఖ్య విసురుగా సూది తీసింది. లింగవ్వ పోతు కొమ్ములు పట్టుకుని మెడ పక్కకు వంచింది. సీసా నిండినా వదలకుండా అలాగే నిలబడింది.

"చాలవ్వా, ఇంక ఇడువు."

"ఒక్క సీసేనా? పోయినసారి మీరు పంపిన సారు గీ పోతు నెత్తురే ఐదు సీసాలు నింపిండు."

అలేఖ్య చేయి ఆగిపోయింది. "ఐదూ దీనివేనా?"

"నేనే గట్ల తియ్యమన్న. అన్నీ ఒక్క తల్లి పిల్లలే గద, నెత్తురు వేరే ఉంటదా? ఆ నాలుగూ సూడి మేకలు బిడ్డా. సూదికి బెదురుతయని ముట్టనియ్యలే."