లాకులపేట చదువుగది

“మింగేశారు మీరు! ఇటుక ఇటుకా పీక్కుపోయి మా చదువుగదిని మింగేశారు! ఇప్పుడా జాగా సెల్ టవర్ వాళ్లకి రాసిస్తారా?”

బాపట్ల కలెక్టరాఫీసులో సోమవారం అర్జీల వరస మొత్తం తిరిగి చూసింది. ప్రేమకుమారి లెక్కచెయ్యలేదు. రేపల్లె నుంచి బస్సులో నిలబడి వచ్చింది, ఇక్కడా నిలబడే ఉంది. నాట్లు మానుకుని, లాకులపేట ఆడవాళ్లందరి సంతకాలూ పట్టుకొచ్చింది.

“అరవకండమ్మా. అక్కడ గది ఉండేదని ఆధారం ఏంటి?” అన్నాడు సూపరింటెండెంటు శశిధర్.

“నేనే ఆధారం. అందులోనే చదువుకున్నా. ఎర్ర గచ్చు, అరికాళ్లకి చల్లగా తగిలేది. రెండు పొడుగు బల్లలు. కాలవ వైపు పెద్ద కిటికీ. వానొస్తే జల్లు మా ఒళ్లోనే పడేది. కావాలంటే మా ఫ్లోరెన్సుని అడగండి.”

“అవునండి, నేనూ అక్కడే చదివా,” అంది పక్కనున్న ఫ్లోరెన్సు. “కిటికీకి నీలం రంగండి.”

“ఎప్పుడు కూల్చారు?”

ప్రేమకుమారి ఫ్లోరెన్సు వైపు చూసింది. ఫ్లోరెన్సు ప్రేమకుమారి వైపు చూసింది.

“తొంభైలో తుపానుకి పోయిందేమో అక్కా?”

“తుపానుకి పోతే వీళ్లనెందుకు అడుగుతామే? నోర్ముయ్!”

శశిధర్ నవ్వాపుకుని పాత ఫైలు తెమ్మన్నాడు. రావడానికి గంటన్నర పట్టింది. కుర్చీ మాత్రం రాలేదు. అతను దుమ్ము దులిపి మొదటి కాగితం పైకి చదివాడు.

“అయ్యా, మా పేట పిల్లలకు చదువుగది కావలెను. కింద ఎర్ర గచ్చు, రెండు పొడుగు బల్లలు, కాలవ వైపు నీలం రంగు కిటికీ ఉండవలెను. ఇట్లు, పాలేరు ఆశీర్వాదం.”

“మా నాన్న!” అంది ప్రేమకుమారి.

శశిధర్ కాగితాలు తిప్పుకుంటూ పోయాడు. ఏటా అదే అర్జీ, అదే చేతిరాత. పదిహేడేళ్లు, పదిహేడు కాగితాలు. మధ్యలో ఒకచోట జాగా కేటాయించిన ఉత్తర్వు. ఆఖరి కాగితం మీద ఎర్ర సిరాతో: నిధులు లేవు, ఫైలు మూసివేయడమైనది.

“అమ్మా, ఆ గదిని ఎవరూ కూల్చలేదు. అసలు కట్టనే లేదు.”

“అబద్ధం! మరి మేమెక్కడ చదువుకున్నాం?”

ఫ్లోరెన్సు చెంగుతో మొహం తుడుచుకుంది. “ఇప్పుడు గుర్తొస్తోంది. మీ వాకిట్లో అక్కా. పుస్తకం లేక, మీ నాన్న ఈ అర్జీ నకలే పట్టుకుని మన చేత అక్షరాలు కూడబలికించేవాడు. రోజూ ఇదే పాఠం.”

ప్రేమకుమారి తన కాళ్ల వైపు చూసుకుంది. అరికాళ్ల కింద ఆ చల్లదనం ఇంకా పోలేదు.

“మరైతే అర్జీ వెనక్కి తీసుకుంటారా?” శశిధర్ గొంతు తగ్గించి అడిగాడు.

ఆమె అతని బల్ల మీద పెన్ను లాక్కుంది. ‘మా చదువుగది మళ్లీ కట్టాలి’ అని రాసుకొచ్చిన చోట ‘మళ్లీ’ ఒక్కటి కొట్టేసి, కాగితం అతని ముందుకు తోసింది.

“తీసుకోండి. జాగా మాదని మీ ఫైలే చెప్తోంది. కట్టండి. కిటికీ కాలవ వైపే ఉండాలి.”