పురుగుకు పెట్టిన పేరు

మొక్కజొన్న చేలో ఆకులన్నీ జల్లెడలయ్యాయి. తల్లి ఒక మొక్క సుడి విప్పి, లోపల ముడుచుకున్న పురుగును బొటనవేలితో నలిపేసింది.

"కత్తెర పురుగమ్మా. ఇంగ్లీషులో ఆర్మీవార్మ్ అంటారు," అంది వ్యవసాయ కాలేజీలో చదువుతున్న కూతురు. "అంటే సైన్యం పురుగు."

తల్లికి ఒళ్ళు మండింది. "వాళ్ళ నోట్లో మన్నుపడ! మీ అన్న అక్కడ యుద్ధంలో ప్రాణాలొడ్డుతుంటే, ఈ దరిద్రప్పురుగుకా ఆ పేరు?"

"నామీద అరుస్తావేం? ఇవి దండుగా వస్తాయి. ఒక చేను ఊడ్చేశాక, వరసకట్టి పక్క చేలోకి నడుస్తాయి. అది చూసే ఆ పేరు పెట్టారు."

"పెట్టినవాడు ఏ సైన్యాన్ని చూశాడో మరి! చిన్నప్పుడు పక్కవాళ్ళ చేలో ఒక్క కంకి విరిచినందుకు మీ అన్న వీపు విమానం మోత మోగించాను. మళ్ళీ ఒకరి సొమ్ము ముట్టాడా వాడు?"

అంతలో ఫోన్ మోగింది. కొడుకే. ఎన్నాళ్ళకో వాడి గొంతు వినబడేసరికి తల్లి చేను సంగతే మరిచిపోయింది.

"వేళకి తింటున్నావా నాన్నా?"

"తిండికేం కొదవలేదమ్మా. మా సరుకుల బండ్లు వెనకబడిపోయాయి గానీ, దారి పొడవునా కోతకొచ్చిన పొలాలే. కంకులు కాల్చుకుని తింటున్నాం. ఒక ఊళ్ళో అయిపోగానే పక్క ఊరు."

"ఆ పొలాలు ఎవరివిరా?"

"ఏమోనమ్మా. మేం వెళ్ళేసరికి ఊళ్ళో ఎవరూ ఉండటం లేదు."

ఫోన్ పట్టుకున్న ఆమె బొటనవేలి మీద, నలిపిన పురుగు తడి ఇంకా ఆరలేదు.