ముందు బెంచీ పెద్దావిడ

"ఇన్ని నెలలైనా ఈవిడకి ఇంత చిన్న వాక్యం రాదా?" సెంటరు ఓనరు మొహం చిట్లించాడు.

పెద్దవాళ్లకి సాయంత్రం పూట ఇంగ్లీషు నేర్పే గది అది. ఈ బ్యాచి ఉంచాలా, ఎత్తేయాలా తేల్చుకుందామని ఆయనే వచ్చి కూర్చున్నాడు. ఎత్తేస్తే టీచరమ్మ ఉద్యోగమూ దాంతోపాటే పోతుంది.

ముందు బెంచీలో పెద్దావిడ మాత్రం జంకలేదు. "ఐ సా హి" అంది మళ్లీ, దర్జాగా.

గదంతా గొల్లుమంది.

"హి కాదు పిన్నిగారూ, హిమ్!" వెనకనుంచి టైలరు అరిచాడు. "సా తర్వాత హిమ్ రావాలి. ఐ సా హిమ్."

"మరి ఆడవాళ్లయితే?"

"హర్! ఐ సా హర్!" ఎప్పుడూ తలెత్తని నర్సు ఏకంగా లేచి నిలబడింది.

"అయితే హెల్ప్ ఐ అనకూడదా?"

"అమ్మో! హెల్ప్ మి!" అన్నారందరూ ఒక్కసారే. డ్రైవరైతే "దే హెల్ప్ అస్. వి థాంక్ దెమ్" అని తడుముకోకుండా చెప్పేసి కాలరు సర్దుకున్నాడు.

టీచరమ్మ మనసు ఉప్పొంగింది. చేరిన కొత్తలో పేరడిగినా నేలచూపులు చూసిన మనుషులే వీళ్లంతా.

క్లాసయ్యాక ఓనరు ఆమెని పక్కకి పిలిచాడు.

"బ్యాచి భేషుగ్గా ఉందమ్మా, కొనసాగిద్దాం. ఆ పెద్దావిడని మాత్రం రేపట్నించి రావద్దని చెప్పండి. పదిమందీ చూస్తే సెంటరు పరువు పోతుంది."

"ఆవిడ రాకపోతే నేనూ రాను సార్."

"ఏమిటమ్మా ఆ పంతం? ఒక్క ముక్క రాని మనిషి కోసం ఉద్యోగం వదులుకుంటారా?"

"మొదట్లో ఇక్కడ ఎవరూ నోరు విప్పేవాళ్లు కాదు సార్. తప్పొస్తే నవ్వుతారని భయం. ఆవిడొచ్చి ముందు బెంచీలో కూర్చుని, అందరికంటే ముందు తప్పు చెప్పడం మొదలుపెట్టాకే వీళ్లకి దిద్దే ధైర్యం వచ్చింది."

"బాగుంది! రాక చెప్పే తప్పులకి కూడా ఇంత గొప్పా?" ఓనరు నవ్వేశాడు.

బయట మెట్లమీద టైలరు ఇంకా ఆవిడచేత హిమ్, హర్ వల్లె వేయిస్తున్నాడు. ఆవిడ బుద్ధిగా తలూపుతోంది. టీచరమ్మ అటే గర్వంగా చూస్తూ అంది.

"నాకు ఇంగ్లీషు నేర్పిందే ఆవిడ సార్. మా అమ్మ."