సుగుణ బిళ్ళ

తప్పులుంటే మన్నించండి. ముసలితనంలో నేర్చిన అక్షరాలు, మెల్లగా వస్తాయి.

పంతొమ్మిది వందల డెబ్బై నాలుగులో గోదావరిఖని దగ్గర ఒక కాలేజీ ఆడపిల్లల హాస్టల్లో ఆయాగా ఉన్నాను. బొగ్గు గనిలో మాదిరే, బయటికెళ్లే పిల్ల తన పేరున్న ఇత్తడి బిళ్ళ తీసుకెళ్లి, తిరిగొచ్చాక లోపలి వరండాలో కొక్కేనికి తగిలించాలి.

ఆ రాత్రి బిళ్ళలన్నీ ఉన్నాయి. సాయంత్రం బయటికెళ్లిన సుగుణ మంచం మాత్రం ఖాళీ. వాచ్‌మన్ బుచ్చన్నను లేపాను.

“కాకా, సుగుణ రాలే. గేటు తియ్యి, దేవులాడుదాం.”

“బిళ్ళ వచ్చింది గదనే! గనిల ఇరవై ఏండ్లు చేసినోనికి చెప్తవా? లోపల్నే ఏడనో ఉంటది. పో, పండుకో.”

తెల్లారి పోలీసులూ బిళ్ళనే నమ్మారు. కేసు రాయలేదు. సుగుణ ఈనాటికీ దొరకలేదు.

నేను చూసింది ఎవరూ అడగలేదు. ఆ రాత్రి కాకా పడుకున్నాక వరండాలోకి వచ్చాను. గేటుకు తాళం ఉంది. గాలి లేదు. వెడల్పాటి బొగ్గు వేలిముద్రతో సుగుణ బిళ్ళ ఒక్కటే, ఎవరో అప్పుడే తాకి వదిలినట్టు ఊగుతోంది.

ఐలవ్వ, డెబ్బై ఏండ్లు, ఇప్పుడు శ్రీరాంపూర్‌లో.