‘త్రో’ అంటే

కైఫెంగ్‌లో ఆదివారం ఇంగ్లీషు క్లాసు. లువో టీచర్ సుద్దముక్క విసిరి చూపించింది.

"‘త్రో’ అంటే ఇలా విసిరెయ్యడం, పారెయ్యడం. మన చైనీసు ‘దియూ’ అలా కాదు. పారేసినా ‘దియూ’నే, పోగొట్టుకున్నా ‘దియూ’నే. పోగొట్టుకుంటే ఇంగ్లీషులో ‘లూజ్’ అనాలి."

ఆవిరి బన్నులు అమ్మే గుయ్‌జెన్ లేచి నిలబడింది.

"జాతరలో చెయ్యి జారి తప్పిపోయిన పిల్లయితే, టీచరమ్మా?"

"అప్పుడూ ‘లూజే’, అక్కా. ‘త్రో’ అంటే మీరే పారేశారని."

గుయ్‌జెన్ మొహం పాలిపోయింది. మూడేళ్లప్పుడు తప్పిపోయిన కూతురి ఆచూకీ ఇరవై ఆరేళ్లకు కెనడాలో దొరికింది. చైనీసు రాని ఆ పిల్ల ఒక్కటే రాసి అడిగింది: ‘నన్నెందుకు వదిలేశావు?’

"డిక్షనరీలో ‘దియూ’ చూసి, అన్నిటికన్నా పైనున్న ‘త్రో’నే జవాబుగా రాసి పంపాను, టీచరమ్మా."

"ఇవాళే సరిచేసి రాద్దాం, అక్కా."

"ఇంకెక్కడ? ఆ తర్వాత నేను రాసిన రెండో ఉత్తరం విప్పకుండానే తిరిగొచ్చింది."