గాలి తగలకుండా

నంద్యాల ఆసుపత్రి గేటు దగ్గర నిలిపిన తన వ్యాను కింద ఎవరివో రెండు కాళ్లు కనిపించాయి ఓబులేసుకు.

పక్కనే నేలమీద వ్యాను సైలెన్సరు గొట్టం ఊడదీసి ఉంది.

ఇంకేం కావాలి? తన చేలో అడగకుండా కంది కాయ తెంపినవాణ్నే కట్టేసి కొట్టించిన మనిషి ఓబులేసు. ఆ కాళ్లు పట్టుకుని బరబరా బయటికి ఈడ్చాడు.

"బండి సామాను ఎత్తకపోతాండావా?"

దొంగతనం కాదప్పా అన్నాడా మనిషి. నలభై ఏళ్లుంటాయి. ఖాకీ చొక్కా నిండా మసి. గొట్టం తుప్పు పట్టి చిల్లులు పడిందనీ, పొగంతా అడుగు చెక్కల సందుల్లోంచి బండిలోకే ఎక్కుతోందనీ చెప్పాడు. తన షెడ్డులో మంచి గొట్టముంది, గంటలో బిగిస్తాను, పైసా వద్దు అన్నాడు.

పైసా వద్దనేసరికి ఓబులేసుకు అనుమానం రెట్టింపయింది. ఊరికే పనిచేసే మనిషిని ఆయన పుట్టి బుద్ధెరిగి చూడలేదు మరి.

వ్యాను రెండో ప్రపంచ యుద్ధం నాటిది. యుద్ధం ముగిసి పన్నెండేళ్లయినా ఆళ్లగడ్డలో దాన్ని మించిన బండి లేదని ఆయన నమ్మకం. వెనక టార్పాలిన్ పట్ట కప్పు కింద పరుపు వేసి ఉంది. కూతురు ఉమామహేశ్వరమ్మను, పది రోజుల మనవణ్ని తీసుకుపోవడానికి వచ్చాడు. తల్లి లేని పిల్ల. రెండు కాన్పులు పోయాక మూడోది దక్కింది. రేపే పదకొండోనాటి పురుడు. రాహుకాలం రాకముందే బయలుదేరాలి.

"పొద్దున ఈ బండెనక కూచోని వచ్చిందెవరమ్మా?" అని ఆ మనిషి ఓబులేసు చెల్లెలు అంకమ్మను అడిగాడు.

తానేనంది అంకమ్మ. పట్ట ఎత్తి ఉన్నా తల పగిలిపోయిందనీ, రెండుసార్లు వాంతి అయిందనీ, అందుకే ఇప్పుడు ముందు కూర్చుంటాననీ చెప్పింది.

"ఆ పొగేనమ్మా."

"అది బస్సెక్కినా కక్కుతాది," అన్నాడు ఓబులేసు. చుట్టూ చేరినవాళ్లు నవ్వారు.

అంకమ్మకూ నవ్వొచ్చింది. "బాలింతకు దినామూ సాంబ్రాణి పొగేస్తాం గదప్పా. పొగ మంచిదే."

"ఇది ఆ పొగ గాదు తల్లీ. నిద్రపుచ్చుతాది, లేపదు."

శుభమా అని ఇంటికి పోతుంటే ఆ మాటా? ఓబులేసు నేలమీది గొట్టం తీసుకుని ఆ మనిషి కుడిచేతిమీద కొట్టాడు. వేళ్లు చితికాయి. మళ్లీ కొట్టాడు. చూస్తున్న పదిమందిలో ఒక్కడూ అడ్డం రాలేదు, థూ.

లోపల్నుంచి నడిచొస్తున్న ఉమామహేశ్వరమ్మ చెవుల్లో దూది, తలకు గుడ్డ, చేతుల్లో బిడ్డ. "ఆయప్పను కొట్టద్దు నాయనా," అంది నీరసంగా. నువ్వు ఎక్కి పండుకోమ్మా అన్నాడు తండ్రి.

ఊడదీసినవాడివి నువ్వే కట్టు అని వాడి ముందర వైరు పడేశాడు. నా చేత్తో కట్టనన్నాడు ఆ మనిషి. ఓబులేసే కిందికి దూరి, చిల్లులకు తడిగోనె చుట్టి, బంకమన్ను మెత్తి, వైరుతో బిగించాడు.

"పోనీ, ఆ పట్టన్నా ఎత్తి కట్టప్పా. గాలి ఆడనీ. నీ కాళ్లు పట్టుకుంటా."

"పచ్చిబాలింతకు గాలి కొట్టనియ్యాల్నా? నా బిడ్డ మీద నీకేం పగరా?"

టార్పాలిన్ పట్ట నాలుగు వైపులా దించి, తాళ్లు ఓబులేసే స్వయంగా కట్టాడు. చీమ దూరే సందు లేదు. కన్నకూతురి మీద ప్రేమ ఉన్నవాడు అట్లాగే కడతాడు మరి.

విరిగిన చేతిని మరో చేత్తో పట్టుకుని ఆ మనిషి బండి వెనక చాలా దూరం పరిగెత్తాడు. అద్దంలో చూసి ఓబులేసు నవ్వుకున్నాడు.

సగం దారిలో అంకమ్మ, పిల్లోడి ఏడుపు వినపడటం లేదు, ఒకసారి ఆపి చూద్దామంది. మంచి బిడ్డ, నిద్రపోతున్నాడు, పట్ట విప్పితే గాలి తగులుతుందన్నాడు ఓబులేసు.

పాతిక మైళ్లు. ఆళ్లగడ్డలో ఇంటిముందు ఆడవాళ్లు హారతి పళ్లెంతో నిలబడ్డారు. పట్ట విప్పారు.

తల్లీబిడ్డలు ఒకరినొకరు కరుచుకుని పడుకున్నారు. ఇద్దరి బుగ్గలూ ఎర్రగా ఉన్నాయి. బాలింత ఎంత కళగా ఉందో అని ఎవరో మెచ్చుకున్నారు కూడా.

అంకమ్మ పాదం పట్టుకుని లేపింది. ఉమామహేశ్వరమ్మ లేవలేదు. బిడ్డా లేవలేదు.

ఏడవాల్సిన ఓబులేసుకు అప్పుడు కూడా కోపమే వచ్చింది. ఆ దొంగ బండి కింద ఏదో చేశాడని, వాడి నోటి మాటే తగిలిందని ఊరంతా చెప్పాడు. నాలుగోరోజు ముగ్గురు మనుషులతో, కర్రలతో నంద్యాల వచ్చాడు.

గేటు కాపలా ఏసయ్య ఆ కర్రలు చూసి లేచి నిలబడనైనా లేదు.

"యాడున్నాడు వాడు?"

"ఇమ్మానుయేలా? పాయె. మూడు వేళ్లు తీసేసినారు. ఇంక స్పానరు పట్టలేనని సామాన్లన్నీ ఈడనే పెట్టి పాయె. పొద్దున్నుంచి బాలింతల బండ్లు రెండు పాయె, కిందికి దూరి చూసేటోడు లేడు."

"వానికేం పని, మా బండ్లతో?"

ఏసయ్య ఓబులేసు ముఖంలోకి చూసి చెప్పాడు.

"మూడేండ్ల కింద ఆయప్ప తన పెండ్లాన్నీ, తొమ్మిది దినాల బిడ్డనూ గాలి తగలకుండా పట్ట కట్టి, ఈ గేటులోనుంచే సొంత బండిలో ఇంటికి తీసకపాయె."